నోళ్లు లెక్కపెట్టి కొనాల్సిన పెట్టె

మొదటి రికార్డర్ కొన్నప్పుడు దాని అట్టపెట్టె మీద ‘8 ట్రాక్’ అని చేటంత అక్షరాలు ఉన్నాయి. ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చన్నమాట అనుకుని సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఆదివారమే బుర్రకథ దళం వాళ్లు ముగ్గురూ మా డాబా మీద గదికి వచ్చారు. మధ్యలో తంబురాతో కథకుడు, చెరోపక్కా డక్కీలతో వంతలు. మూడు గొంతులు, రెండు డక్కీలు, ఒక తంబురా. ఆరు మైకులు సిద్ధం చేసుకుని పెట్టెను వెనక్కి తిప్పాను. మైకు వైరు పెట్టే సాకెట్లు రెండంటే రెండే ఉన్నాయి. హాస్యం చెప్పే వంత బాబాయ్ వంగి చూసి, “ఏంది తమ్ముడూ, ఎనిమిది గదులు కట్టించి గుమ్మాలు రెండే పెట్టించావే!” అన్నాడు.

ఆయన నవ్వించడానికే అన్నాడు గానీ, మల్టీట్రాక్ రికార్డర్ ఎంచుకోవడంలో ఉన్న కిటుకంతా ఆ మాటలోనే ఉంది. గదులంటే ట్రాకులు, గుమ్మాలంటే ఇన్‌పుట్లు. మొత్తం మీద ఎన్ని శబ్దాలను విడివిడిగా దాచుకోవచ్చో ట్రాకుల సంఖ్య చెబుతుంది. ఒకే క్షణంలో ఎన్నింటిని విడివిడిగా పట్టుకోవచ్చో చెప్పేది ఇన్‌పుట్ల సంఖ్య. అమ్మేవాళ్లు మొదటిదాన్ని పెద్దక్షరాల్లో వేస్తారు. కొనేవాళ్లు వెతుక్కోవలసింది రెండోదాన్ని.

ఒక్కరే కూర్చుని ముందు కీబోర్డు, తర్వాత రిథమ్, ఆపైన గొంతు అంటూ పొర మీద పొర వేసుకునేవాళ్లకి రెండు గుమ్మాలు పుష్కలం. అలాంటివాళ్లకి టాస్కామ్ డీపీ-008ఈఎక్స్ లాంటి చిన్న యంత్రం సరిపోతుంది. ఎనిమిది ట్రాకులు, ఒకేసారి రెండు రికార్డింగులు, నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే నడుస్తుంది, చేతిసంచిలో పడుతుంది. కానీ బుర్రకథ పొరలుగా వచ్చేది కాదు. కథకుడి మాట సగంలో ఉండగానే వంత అందుకుంటాడు, ఆ అందుకోవడాన్ని బట్టే కథకుడు తర్వాతి మాట విసురుతాడు. ముగ్గురినీ వేర్వేరు రోజుల్లో రికార్డు చేసి అతికిస్తే ముగ్గురు మనుషులు ఉంటారు గానీ కథ ఉండదు. అందుకే చివరికి ఎనిమిది ఇన్‌పుట్లున్న టాస్కామ్ డీపీ-24ఎస్‌డీ మా గదికి వచ్చింది. దాన్ని వాడేకొద్దీ గౌరవం పెరిగింది. నాకు నచ్చినదల్లా దాన్ని ఒక పని తెలిసిన మనిషి అమర్చిన తీరు. ఆ అమరిక గురించే ఇక్కడ చెబుతాను.

క్యాసెట్టు నుంచి వచ్చిన వంశం

ఈ పెట్టె ముత్తాత 1979లో పుట్టింది. టాస్కామ్ పేరుకు సొంతదారైన జపాన్ కంపెనీ టియాక్ తెచ్చిన ‘144’ అనే పోర్టాస్టూడియో అది. అప్పటిదాకా నాలుగు ట్రాకుల రికార్డింగు అంటే వెడల్పాటి టేపు, బరువైన యంత్రం, పక్కన వేరే మిక్సరు. టియాక్ ఇంజినీర్లు మనందరి ఇళ్లలో ఉండే మామూలు క్యాసెట్టును తీసుకున్నారు. మామూలు క్యాసెట్టులో ఒక వైపు పాటకి రెండు ట్రాకులు, తిప్పి పెడితే రెండో వైపుకి మరో రెండు. తిప్పే పని లేకుండా ఆ నాలుగింటినీ ఒకే దిశలో వాడేశారు. వేగం రెట్టింపు చేశారు. మామూలుగా సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడిచే టేపు ఇందులో 9.5 సెంటీమీటర్లు పరుగెత్తేది. నాణ్యత పెరిగింది, బదులుగా గంట క్యాసెట్టు పావుగంటకే అయిపోయేది. దానికి ఒక చిన్న మిక్సరు కూడా అతికించి, మొత్తాన్ని బల్ల మీద పట్టే ఒకే పెట్టెగా చేశారు. రికార్డరూ మిక్సరూ ఒకే ఒంటికి రెండు చేతులన్నమాట.

ఆ పెట్టె ఏం చేయగలదో 1982 జనవరిలో తేలింది. అమెరికాలోని న్యూజెర్సీలో, కోల్ట్స్ నెక్ అనే ఊళ్లో, గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన అద్దె ఇంట్లో కూర్చుని టియాక్ 144 మీద, షూర్ ఎస్‌ఎం57 మైకులతో కొత్త పాటలు పాడుకున్నాడు. బ్యాండు వాళ్లకి వినిపించడానికి నమూనాగా మాత్రమే. తర్వాత పెద్ద స్టూడియోలో బ్యాండుతో అవే పాటలు చేసి చూస్తే ఆ క్యాసెట్టులో ఉన్నది పట్టుబడలేదు. చివరికి ఆ క్యాసెట్టులోని పాటలనే ‘నెబ్రాస్కా’ అన్న పేరుతో అదే ఏడాది సెప్టెంబరులో విడుదల చేశారు. దాన్ని రికార్డుగా మార్చడానికి ఇంజినీర్లు నానా తంటాలు పడ్డారు, అది వేరే సంగతి.

మన వైపు మద్రాసు స్టూడియోల్లో పాత రోజుల్లో గాయనీగాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే టేకులో పాట పూర్తి చేసేవాళ్లు. ఎవరు తడబడినా అందరూ మొదటికి రావాల్సిందే. మల్టీట్రాక్ వచ్చాక ఆ భయం పోయింది, దాంతోపాటు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ పాడే అవసరమూ పోయింది. డీపీ-24ఎస్‌డీలాంటి ఎనిమిది ఇన్‌పుట్ల యంత్రంలో నాకు ముచ్చటేసేది ఇక్కడే. ముగ్గురినీ కలిపి పాడనిస్తుంది, తర్వాత విడదీసి దిద్దుకోనిస్తుంది.

తూము దగ్గర తప్పు

ఈ పెట్టె ముఖాన్ని మా ఊరి కాలవ పొలంతో పోల్చుకుంటే నాకు వెంటనే అర్థమైంది. మైకు నుంచి వచ్చే శబ్దం వెనక సాకెట్లోంచి లోపలికి దిగుతుంది. మొదట కలిసేది ట్రిమ్ అనే గుండ్రటి నాబ్, ఒక్కో ఇన్‌పుట్‌కి ఒకటి. అది కాలవ మీద తూము. ఎంత శబ్దాన్ని లోపలికి వదలాలో అక్కడే తేలుతుంది. తర్వాత ఏ ఇన్‌పుట్ ఏ ట్రాకులో పడాలో చెప్పే అసైన్ తెర. అది పిల్లకాలవల పంపకం. చివరికి చేతికి దగ్గరగా ఫేడర్లు. అవి మడి గట్లు. పెట్టె వెనక నుంచి మన గుండెల వైపు నీరు పారినట్టు శబ్దం పారుతుంది. ఏదన్నా తేడా వస్తే ఎగువ నుంచి దిగువకి ఒక్కో చోటా తడుముకుంటూ వస్తే చాలు, ఎక్కడ ఆగిందో దొరుకుతుంది.

ఈ పోలిక ఒట్టి అలంకారం కాదు. తూము దగ్గర ఎక్కువ వదిలేసి చేను మునిగాక మడి దగ్గర గట్టు వేస్తే లాభం లేదు. రికార్డింగులో కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు అదే. ట్రిమ్ ఎక్కువ పెడతారు, శబ్దం నెత్తి తెగిపోయి బరబరమంటుంది, కంగారుగా ఫేడరు కిందికి లాగుతారు. అప్పుడు బరబర చిన్నగా వినిపిస్తుంది, అంతే. తెగిన నెత్తి మళ్లీ మొలవదు.

అందుకే మా కథకుడు గురువుగారిని ముందుగా శాంతంగా మాట్లాడమని అడగను. కథలో అన్నిటికన్నా గట్టిగా అరిచే చోటు, వీరరసం పతాక స్థాయికి వెళ్లే చోటు చేసి చూపించమంటాను. ఆ అరుపుకి మీటరు నెత్తిన ఇంకా 12 డెసిబెల్స్ జాగా మిగిలేలా ట్రిమ్ పెట్టి, దాని జోలికి మళ్లీ వెళ్లను. కరుణరసంలో గొంతు తగ్గినప్పుడు మరీ చిన్నగా పడుతుందేమో అన్న దిగులు అక్కర్లేదు. ఈ యంత్రం 16 బిట్లలోనూ 24 బిట్లలోనూ రికార్డు చేస్తుంది. ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ లెక్కన 16 బిట్లకి 96, 24 బిట్లకి 144 డెసిబెల్స్ వెడల్పు వస్తుంది. గదిలో ఫ్యాను హోరూ వీధిలో ఆటో చప్పుడూ ఆ వెడల్పును ఎలాగూ తినేస్తాయి గానీ, నెత్తిన జాగా వదిలినందుకు అడుగున నష్టపోయేది ఏమీ ఉండదు. క్యాసెట్టు కాలంలో ఈ ధీమా లేదు. లెవెల్ తగ్గితే టేపు బుసే గొంతును మింగేది.

వేలికి దొరికే పని

ముందు వైపు ఫేడర్లు వరసగా 18, చివర్లో మాస్టరు ఒకటి. 24 ట్రాకులకి 18 ఫేడర్లేమిటని మొదట్లో నేనూ బుర్ర గోక్కున్నాను. మొదటి 12 ట్రాకులూ విడివిడి, మిగతా 12 జతలు జతలుగా ఆరు స్టీరియో ట్రాకులు. కీబోర్డులాంటి ఎడమాకుడీ రెండూ ఉన్న వాద్యాలకి ఆ జతలు. ఒక్క వేలు కదిపితే రెండు వైపులూ కలిసి కదులుతాయి. పెట్టె వెడల్పూ తగ్గింది, చేతికి పనీ తగ్గింది.

ఫేడరు ప్రయాణం 45 మిల్లీమీటర్లు. పెద్ద స్టూడియో బల్లల మీద అది 100 దాకా ఉంటుంది. అంటే ఇక్కడ వెంట్రుకవాసి కదిపినా అక్కడికన్నా రెట్టింపు మార్పు. మణికట్టును పెట్టె అంచుకి ఆనించి, వేలి చివరతో మాత్రమే కదపడం అలవాటు చేసుకుంటే ఆ లోటు తెలియదు. హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆడించినవాళ్లకి ఇది రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

ప్రతి ట్రాకుకీ ఒక రికార్డు బటను ఉంది. నొక్కితే దాని దీపం మిణుకుమిణుకుమంటుంది, అంటే ఈ ట్రాకు సిద్ధంగా ఉందని. రికార్డింగు మొదలైతే మిణుకుమనడం మానేసి నిలకడగా వెలుగుతుంది. చూడ్డానికి చాలా చిన్న విషయం. కానీ నేను ఒక్కణ్నే ఆపరేటరుని, పైగా అప్పుడప్పుడూ మైకు స్టాండు సరిచేయడానికి గదికి ఆ చివర ఉంటాను. అంత దూరం నుంచి తెర మీద అక్షరాలు కనపడవు. ఆరు ఎర్ర చుక్కలు మిణుకుతున్నాయా, నిలిచాయా అన్నది కనపడుతుంది. పాడేవాడే మీట కూడా నొక్కుకోవాలి, నొక్కేవాడు యంత్రానికి దూరంగా ఉండొచ్చు అని ఆలోచించిన మనిషి పెట్టిన దీపాలివి. కంప్యూటరులో ఇదే సంగతి తెలుసుకోవాలంటే మౌస్ పట్టుకుని తెర ముందు కూర్చోవాలి.

ఇక కాలితో నొక్కే స్విచ్చు. దానికి ఒక సాకెట్టు ఇచ్చారు. రికార్డు అయిన దాంట్లో ఒక్క ముక్క తప్పు పోతే, రికార్డును దానికి కాస్త ముందు నుంచి నడిపించి, తప్పు చోటు రాగానే కాలితో నొక్కి కొత్తది ఎక్కించి, దాటగానే మళ్లీ నొక్కి బయటికి రావడాన్ని పంచ్-ఇన్, పంచ్-అవుట్ అంటారు. మొదలూ తుదీ ముందే గుర్తు పెట్టి యంత్రం చేతే చేయించవచ్చు. అసలు రికార్డు చెరగకుండా ఒకటి రెండుసార్లు రిహార్సల్ కూడా చూసుకోవచ్చు. అయినా పొరపాటు జరిగితే అన్‌డూ ఉండనే ఉంది.

బుర్రకథకి ఇందులో ఒక మెలిక ఉంది. ఒకే గదిలో ముగ్గురూ నిలబడితే కథకుడి గొంతు వంతల మైకుల్లోకీ కారుతుంది. కాబట్టి కథకుడి ట్రాకు ఒక్కటే పంచ్-ఇన్ చేస్తే పాత తప్పు పక్క మైకుల్లో దయ్యంలా మిగిలి ఉంటుంది. చేస్తే ఆరు ట్రాకులకీ ఒకేసారి చేయాలి, ముగ్గురూ ఆ చరణం కలిసి మళ్లీ చెప్పాలి. ఎనిమిది ఇన్‌పుట్లున్న యంత్రమే కావాలనడానికి ఇది రెండో కారణం. రికార్డు చేయడానికే కాదు, దిద్దడానికి కూడా అన్ని గుమ్మాలూ తెరిచి ఉండాలి.

ఆలస్యం సంగతి కూడా చెప్పాలి. కంప్యూటరులో మైకు శబ్దం లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావడానికి మధ్యలో బఫరు అనే గిడ్డంగి ఉంటుంది. సెకనుకి 48,000 నమూనాల చొప్పున తీసుకునేటప్పుడు ఆ గిడ్డంగి 256 నమూనాలదైతే పోవడానికి 5.3 మిల్లీసెకన్లు, రావడానికి అంతే. మొత్తం 11 మిల్లీసెకన్లకి కాస్త తక్కువ. గాలిలో శబ్దం అంతసేపట్లో పన్నెండడుగులు నడుస్తుంది. అంటే డక్కీ వాయించేవాడికి తన దెబ్బ తన చేతిలోంచి కాకుండా గది అవతల గోడ దగ్గర్నుంచి వస్తున్నట్టు ఉంటుంది. మంచి సౌండు కార్డులు దీనికి విరుగుడుగా నేరుగా వినిపించే దారి ఇస్తాయి, దాన్ని సరిగ్గా అమర్చుకోవాలి. ఈ పెట్టెలో ఆ అమరిక తలనొప్పి లేదు. వైరు పెట్టి హెడ్‌ఫోన్ తగిలిస్తే దెబ్బ చేతిలోంచే వినిపిస్తుంది.

కార్డు లెక్క, కరెంటు లెక్క

రికార్డు అయినదంతా ఎస్‌డీ కార్డులో పడుతుంది. 32 జీబీ దాకా కార్డు తీసుకుంటుంది. లెక్క వేసుకుందాం. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లలో ఒక్క ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. ఎనిమిది ట్రాకులూ నింపితే నిమిషానికి 69, గంటకి నాలుగు జీబీ పైచిలుకు. అంటే ఒక కార్డు మీద ఏడు గంటలకి పైగా పడుతుంది. పావుగంట క్యాసెట్టు ముత్తాత ఈ మాట వింటే నమ్మేవాడు కాదు. నేను మాత్రం కథకొక కార్డు వాడతాను, ఆ రాత్రే యూఎస్‌బీ వైరుతో కంప్యూటరులోకి కాపీ తీస్తాను. కార్డు తపాలా బిళ్లంత ఉంటుంది. పోయినా, పాడైనా దాంతోపాటు ముగ్గురి పనీ పోతుంది.

పని దశలు కూడా మూడుగా విడదీశారు. మల్టీట్రాక్‌లో పోగుచేయడం, మిక్స్‌డౌన్‌లో కలిపి ఎడమాకుడీ రెండు చానళ్లుగా వండటం, మాస్టరింగ్‌లో చివరి మెరుగు పెట్టడం. ఒక దశలో ఉండగా మరో దశ మీటలు వేలికి అడ్డం రావు. వరి కోసేటప్పుడు చేట తీయం కదా, అలాగ. మూడో దశ దాకా ఇదే పెట్టెలో చేసుకుని చేతిలో పూర్తయిన కథ పట్టుకుని లేవవచ్చు.

లోట్లూ ఉన్నాయి. ఈ పెట్టెకి బ్యాటరీ లేదు, అడాప్టరు మీదే నడుస్తుంది. సరిగ్గా ఆపితేనే పాట భద్రంగా కార్డులో కుదురుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా పాడినది పోవచ్చు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నంత మాత్రాన సరిపోదు. మామూలు ఇన్వర్టరు కరెంటు పోయాక మేలుకునే ఆ రెప్పపాటులోనే యంత్రం ఆరిపోవచ్చు. ఇన్వర్టరుని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేదా కంప్యూటర్లకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి కేటాయించండి. ఊళ్లు తిరిగి గుడి ముందు, బడి ఆవరణలో రికార్డు చేసేవాళ్లైతే జూమ్ ఆర్16 చూడండి. దానికీ ఎనిమిది ఇన్‌పుట్లున్నాయి, ఆరు పెన్సిల్ సెల్లతో నడుస్తుంది. అయితే కండెన్సర్ మైకులకి కావలసిన ఫాంటమ్ కరెంటు అందులో రెండు ఇన్‌పుట్లకే అందుతుంది. మామూలు డైనమిక్ మైకులతో పని చేసేవాళ్లకి ఆ బెంగ లేదు.

మరొకటి. డీపీ-24ఎస్‌డీలో యూఎస్‌బీ ఉన్నది ఫైళ్లు మోయడానికి మాత్రమే. పెట్టెనే కంప్యూటరుకి సౌండు కార్డుగా వాడుకోవడం కుదరదు. జూమ్ ఆర్16 ఆ పని కూడా చేస్తుంది. సినిమాలకీ షార్ట్ ఫిల్ములకీ బొమ్మ చూస్తూ సంగీతం కట్టేవాళ్లు, కీబోర్డు మీదే వంద వాద్యాలు పలికించేవాళ్లు అసలు ఇలాంటి పెట్టె జోలికే రాకుండా మంచి సౌండు కార్డు, కంప్యూటరు కొనుక్కోవడం మేలు. అక్కడ ట్రాకులకి అంతు లేదు, అక్షరం అక్షరం కోసి అతికించవచ్చు. ఈ పెట్టె మనుషులు గదిలో నిలబడి పాడే పనికి.

సెకండ్ హ్యాండులో కొనేవాళ్లు ఒక మైకు, ఒక హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్లండి. మైకుని ఎనిమిది సాకెట్లలోనూ వరసగా పెట్టి మాట్లాడండి. పాట ఒకటి మోగుతుండగా ఒక్కో ఫేడరునీ పైనుంచి కిందికి నెమ్మదిగా లాగండి. కరకరమని చప్పుడు వస్తే లోపల దుమ్ము చేరిందన్నమాట. కార్డు తీసి పెట్టి చూడండి. అడాప్టరు దాంతో వచ్చిందేనా అని అడగండి. వేరేది తగిలిస్తే కాలిపోయే ప్రమాదం ఉంది.

కొనే ముందు చేయాల్సిన అసలు పని మాత్రం దుకాణంలో కాదు, ఇంట్లోనే ఉంది. మీ గదిలో పాడేవాళ్లనీ వాయించేవాళ్లనీ ఒకసారి కూర్చోబెట్టి చూడండి. ఎన్ని నోళ్లు, ఎన్ని వాద్యాలు ఒకేసారి పలుకుతాయో లెక్కపెట్టండి. ఆ అంకెకి ఒకటో రెండో కలిపితే మీకు కావలసిన ఇన్‌పుట్లు. మా లెక్క ఆరు. ఏడోది గజ్జెలకి అక్కరకొచ్చింది. కథకుడు అడుగు వేస్తూ ముందుకీ వెనక్కీ జరుగుతాడని, ఆ గజ్జెల మోతే లేకపోతే కథ నిలబడి చెప్పినట్టు కాక కూర్చుని చదివినట్టు ఉంటుందని మొదటి రికార్డింగు విన్నాక గానీ నాకు తోచలేదు.

మొన్న రికార్డింగు అయ్యాక హాస్యం బాబాయ్ నా కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా కథకుడి పక్కన వంత పాడుతున్నాడు, తన గొంతు విడిగా ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదట. “ఆయన్ని కాసేపు ఆపవయ్యా, నన్ను విందాం” అన్నాడు. కథకుడి ఫేడరు చూపించాను. తనే వేలు పెట్టి మెల్లగా అడుగు దాకా లాగాడు. బాబాయ్ గొంతు ముందుకొచ్చింది, డక్కీ గలగలలాడింది. కానీ వెనకెక్కడో, పక్కింట్లోంచి వస్తున్నట్టు, కథకుడు ఇంకా కథ చెబుతూనే ఉన్నాడు.

బాబాయ్ ఫేడరును ఇంకా నొక్కి చూశాడు. అడుగే, ఇంక కిందికి లేదు.

“ఈయన పోడే!” అన్నాడు.

“నీ మైకులోంచే వస్తున్నాడు బాబాయ్” అన్నాను.

కాసేపు విని, ఎక్కడుండేదో అక్కడికే ఆ ఫేడరు నెట్టేసి లేచాడు.